వెనక తీగ

"లేదంటే ఏమిటే?"

అత్త చేతిలో పిల్లచొక్కా అలాగే ఉండిపోయింది. అరచెయ్యంత చొక్కా. నీలం తొట్టిలోంచి తీసి పిండుతున్నదల్లా, కోడలి మాట చెవిన పడగానే పిండడం మానేసింది. నీళ్లు మోచేతి మీంచి కారి కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు.

"లేదంటే లేదు అత్తయ్యా. నేను నీళ్లోసుకోలేదు."

ఆ లాండ్రీ దుకాణం ఉతుకుగదిలో అందరూ అరిచే మాట్లాడుకుంటారు. డ్రమ్ము తిరుగుతుంటే అరవకపోతే పక్కవాళ్లకి కూడా వినపడదు. ఇవాళ బాయిలరు మొరాయించడంతో డ్రమ్ము ఆగిపోయింది. మామూలుగా అన్న మాట కూడా చెంప మీద కొట్టినట్టు పడింది.

బోర్లించిన తొట్టి మీద కూర్చున్న ఆడపడుచు పకపకా నవ్వింది. "సిగ్గుపడుతోందిలే అమ్మా. మూడోసారి కూడా సిగ్గేంటో మరి!"

పొద్దున్నే వచ్చింది ఆవిడ. వస్తూ వస్తూ ఒక చేత్తో తన ఇంటి మాసిన బట్టల మూట, ఇంకో చేత్తో తన పిల్లలు ముగ్గురూ పడుకుని లేచిన చెక్క ఊయల లాక్కొచ్చింది. గుమ్మంలో చెప్పులు విదిలించి, ఊయల గదిలో దింపి, "ఇదిగోవే పిల్లా, నీ వంతు" అంది. అప్పటినుంచి మొదలైంది గొడవ.

"సిగ్గు కాదు వదినా. నిజం."

"నిజమైతే వెనక తీగ ఎందుకు ఖాళీగా ఉందే?" అంది అత్త.

వెనక తీగ అంటే పెరట్లో గోడవారగా కట్టిన తీగ. మిగతా తీగల మీద దుప్పట్లూ కోట్లూ ఆరతాయి. వాటి చాటున, మగవాళ్లు పోని మూల, ఇంట్లో ఆడవాళ్ల నెలగుడ్డలు ఆరతాయి. ఆ తీగ వంక అత్త కన్ను ఎప్పుడూ ఉంటుంది. కోడలివి అక్కడ ఆరి చాన్నాళ్లయింది.

అత్తకి ఒక విద్య ఉంది. మూట విప్పి బల్ల మీద పరిచిందంటే ఆ ఇంటి సంగతి చెప్పేస్తుంది. రెండు దిండుగలీబులు మాసి రావాల్సిన ఇంటినుంచి ఒకటే వచ్చిందా, ఆ మొగుడూ పెళ్లాల్లో ఒకరు ముందుగదిలో పడుకుంటున్నట్టు. గుమాస్తా చొక్కాకి సిరామరక లేకుండా ప్యాంటు వెనకాల మట్టి అంటుకుని వచ్చిందా, ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పలేక ఏ పార్కు బెంచీ మీదో పొద్దు పుచ్చుతున్నట్టు. ఇన్నేళ్లలో ఆమె అంచనా తప్పిందని ఎవరూ అనలేదు.

అనే అవకాశమూ ఇవ్వలేదనుకోండి. దుకాణానికో కట్టు ఉంది. అది ఆమె పెట్టిందే. మూటలో కనబడింది బల్ల దాటి బయటికి పోకూడదు. పనికొచ్చిన ఎవరికైనా సబ్బు చేతికిచ్చే ముందు ఆ మాట చెబుతుంది. కోడలికి కాపురానికొచ్చిన వారంలోనే చెప్పింది.

ఆ కట్టు ఈ వారం ఆమే తెంపుకుంది. కోడల్ని ఒక్క మాట అడక్కుండా రొట్టెల కొట్టు ఆవిడకి చెప్పింది. రొట్టెల కొట్టు ఆవిడకి చెప్పాక ఇంక వీధిలో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

కోడలికి మాత్రం తెలీదు. "నువ్వు మూటలెత్తకు, నేను వేరుచేస్తా, కూర్చో" అని అత్త వారంగా అంటుంటే, తన నడుంనొప్పి చూసి జాలిపడుతోందనుకుంది. ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆశ్చర్యపోయింది కూడా. ఇవాళ పొద్దున వీధివైపు తీగ మీద తన పిల్లల పాత చొక్కాలు, టోపీలు వరసగా ఆరుతుండడం చూసింది. ఊయల చూసింది. అప్పుడు అర్థమైంది.

"సూది వేయించుకుంటున్నా అత్తయ్యా. పిల్లలు పుట్టకుండా. మూణ్నెల్లకోసారి వేస్తారు. అది వేయించుకుంటే కొందరికి నెల రావడం ఆగిపోతుంది. నాకు ఆగింది. నర్సమ్మ ముందే చెప్పింది, కంగారుపడొద్దని."

"ఎవర్నడిగి వేయించుకున్నావ్?"

"అడగలేదు. మీ అబ్బాయికి చెప్పి వేయించుకున్నా."

అందరి తలలూ బాయిలరు వైపు తిరిగాయి. బాయిలరు కింద మోకాళ్ల మీద కూర్చుని పానా తిప్పుతున్నవాడు ఇంకాస్త లోపలికి దూరాడు. తల దూరింది గానీ మిగతాది బయటే ఉంది.

"ఒరేయ్," అంది ఆడపడుచు. "బయటికి రా."

"మర బిగిస్తున్నానక్కా."

"తర్వాత బిగిద్దువుగాని. నీకు తెలుసా?"

మసిమొహంతో బయటికొచ్చాడు. "తెలుసు. అంటే... తెలుసు."

"తెలిసీ నిన్న రొట్టెల కొట్టాయన కేకు కోసి పెడితే తిన్నావట్రా!"

"వద్దంటే ఎందుకొద్దని అడుగుతాడుగా!"

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"అమ్మ అంత గట్టిగా చెబుతోంది. అమ్మ చూసిందంటే తప్పుతుందా? సూదే పనిచెయ్యలేదేమో అనుకున్నా."

కోడలు అతనికేసి చూసింది. కోపంగా కాదు, దుప్పటి మీద మరక ఏ రకందో చూస్తున్నట్టు చూసింది.

"నన్ను అడగొచ్చుగా," అంది. "పక్కనే పడుకుంటావు."

అతను పానా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు.

అత్త చొక్కాని తొట్టి అంచు మీద పెట్టి, ఊయల అంచున కూలబడింది.

"వీధంతా చెప్పానే," అంది. గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువుంది. "నా కళ్లు పోయాయనుకుంటారు. ముసల్ది మతి చెడి కోడలికి కడుపంటగట్టిందని నవ్వుతారు. రేపటినుంచి మరక పోలేదని ఒకడు, గుండీ ఊడిందని ఒకడు. మాట పోయాక పనికి మాత్రం విలువుంటుందా?"

"నన్నడిగుంటే మాట పోయేది కాదత్తయ్యా."

"అడిగేదేముంది! కళ్లకి కనబడుతుంటే!" తర్వాత మెల్లగా, బేరంలోకి దిగినట్టు అంది. "సరే, అయిందేదో అయింది. ఆ సూది ఇంక మానెయ్. ఇవాళో రేపో నిలబడుతుంది. కాస్త అటూ ఇటూ అయినా ఎవరొచ్చి లెక్కపెడతారు? ఆలస్యంగా పుట్టాడంటాం."

"ఆపినంతమాత్రాన వెంటనే నిలవదు. నెలలు పడుతుంది. ఆ తర్వాత మొయ్యాలి. ఎంత ఆలస్యమంటారు? నేనేం ఏనుగునా, ఏడాదిన్నర మొయ్యడానికి?"

మొగుడికి నవ్వొచ్చింది. అక్క చూపు తగిలి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"ఇంటినిండా పిల్లలుంటే నీకు నష్టమేంటే?" అత్త గొంతు పెంచింది. "నాకు ఇద్దరే. మూడోది కనేలోపు ఆయన పోయాడు. ఈ పెరడంతా పిల్లలు పరిగెత్తాలని నాకుండదా? నేను నీ చేత మొయ్యరానిది మోయిస్తున్నానా?"

"ఎప్పటికీ వద్దనట్లేదు. ఇప్పుడొద్దంటున్నా. మూడోది కావాలో వద్దో అప్పుడు చూసుకుంటాం." కోడలు అత్త చేతులకేసి చూసింది. "చిన్నది పుట్టినప్పుడు రక్తం ఆగలేదు. దుప్పటి మీద దుప్పటి మార్చారు. అవన్నీ ఇంటికి తెచ్చి ఉతికింది మీరే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేనెంతవరకు పోయొచ్చానో ఈ ఇంట్లో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు."

అత్త చేతులు ఒళ్లోకి వచ్చాయి. ఒక చెయ్యి ఇంకో చేతిని రుద్దుతోంది, ఇంకా ఏదో వదలనట్టు.

"ఆ రోజు చన్నీళ్లలోనే నానబెట్టాను," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "వేడినీళ్లు పోస్తే మరక ఉండిపోతుంది."

"మరి మీ మాట నిలబెట్టడానికి నేను మళ్లీ కనాలా?"

పెరట్లో దుప్పట్లు గాలికి చప్పుడు చేస్తున్నాయి.

జవాబు లేని చోట మొగుడికి ఉపాయం తట్టింది. అతనితో వచ్చిన చిక్కే అది. అందరూ ఊరుకుంటే తనేదో ఒకటి చెయ్యాలనుకుంటాడు.

"నేనొకటి చెప్తా. ఎవరూ అరవద్దు," అన్నాడు. "పోయిందని చెప్పేద్దాం."

"ఏది పోయింది?" అంది కోడలు.

"అదే. నిలిచింది గానీ నిలవలేదని. అమ్మ మాట అబద్ధం కాదు, నువ్వు కననూ అక్కర్లేదు. నాలుగు రోజులు మంచం మీద ఉండు. వచ్చినవాళ్లు అయ్యో అని వెళ్లిపోతారు. తర్వాత నేనే బండి మీద నిన్ను సూదికి తీసుకెళ్తా. ప్రతిసారీ తీసుకెళ్తా. అమ్మ కూడా ఏమీ అనదు. ఏమ్మా?"

అత్త తలెత్తింది. మొహంలోకి కాస్త రంగొచ్చింది.

"ఇదేదో బాగానే ఉంది," అంది ఆడపడుచు. "నా తమ్ముడు ఎందుకూ పనికిరాడనుకున్నా. ఏమే పిల్లా, మూలగడం వచ్చా? రాకపోతే నేను నేర్పుతాలే. పైకి గట్టిగా మూలక్కూడదు, కిందికి మింగుతున్నట్టు మూలగాలి. ఇలా." మూలిగి చూపించింది. బాగానే మూలిగింది.

కోడలు గోడ గడియారం వంక చూసింది. ఆరోగ్యకేంద్రంలో సూదులేసే నర్సు వారానికి ఒక్క రోజు వస్తుంది, మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఆ రోజు ఇవాళే. తన మూణ్నెల్ల గడువూ ఇవాళే. కొన్నాళ్లు అటూ ఇటూ అయినా పరవాలేదని నర్సమ్మ అంది గానీ, ఈ ఇంట్లో వాయిదా పడిన పని ఎక్కడ తేలుతుందో కోడలికి తెలుసు. అయినా మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ఒక్క అబద్ధం. నాలుగు రోజుల మంచం. దాని తర్వాత చాటు లేదు, గొడవ లేదు. మొగుడి బండి మీద దర్జాగా వెళ్లి రావచ్చు. నడుం కూడా నొప్పిగానే ఉంది.

సరే అనడానికే నోరు తెరిచింది.

"ఎలా పోయిందంటే," అత్త అప్పటికే కథ కడుతోంది, "తడిదుప్పట్ల గంప ఎత్తింది, పోయిందని చెబుదాం. వద్దన్నా వినకుండా ఎత్తిందని."

కోడలి నోరు మూతపడింది.

"ఆ మాట ఎక్కడో విన్నట్టు లేదా అత్తయ్యా?"

అత్తకి గుర్తొచ్చిందని ఆమె చూపు కిందికి దిగిన తీరులోనే తెలిసిపోయింది.

"ఏం మాట?" అంది ఆడపడుచు. "ఎక్కడ విన్నావ్?"

"పెద్దాడికీ చిన్నదానికీ మధ్య ఒకటి పోయింది వదినా. నిజంగానే. అదిగో ఆ గుమ్మం దగ్గరే. చేతిలో తడిదుప్పట్ల గంప ఉంది. గంప వల్ల పోయిందో, ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదు. డాక్టరమ్మ కూడా చెప్పలేనంది."

"నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు మూడోవాడి పురిట్లో ఉన్నావు. నీకు చెప్పొద్దన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. జనం నోళ్లలో నానడం మంచిది కాదన్నారు. సాయంత్రానికల్లా ఆస్పత్రి తెల్లకోట్లు అందించాలి. చేతులు ఖాళీ లేవు. నేనూ ఇస్త్రీ చేశాను. కోటు మీద కోటు చేశాను. ఎవరైనా వచ్చి నా పక్కన కూర్చుంటారేమోనని గుమ్మం వంక చూశాను. ఎవరికీ తెలీకపోతే ఎవరొస్తారు?"

మొగుడు బాయిలరుకి చేరబడ్డాడు. అది చల్లారిందో లేదో కూడా చూసుకోలేదు.

"నిజంగా పోయినదాన్ని పోయిందని చెప్పుకోనివ్వలేదు," అంది కోడలు. "ఇప్పుడు లేనిదాన్ని పోయిందని వీధంతా చెప్పమంటున్నారు. అప్పుడు ఏడవడానికి రానివాళ్లు ఇప్పుడొచ్చి ఏడుస్తారు. వాళ్ల ముందు నేను మూలగాలి. నేను మూలగను అత్తయ్యా. సూది మానను. మంచమెక్కను. మీరేం చేసుకున్నా సరే."

"అయితే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావే?"

"ఎక్కడా పెట్టుకోవద్దు. పొరబడ్డానని చెప్పండి. మనుషులన్నాక పొరబడరా?"

"నేనా!" అంది అత్త. ఆ ఒక్క మాటలో ఇన్నేళ్ల మూటలూ ఉన్నాయి.

"మీరు చెప్పలేకపోతే నేను చెప్తా."

కోడలు ఖాళీ గంప చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

వీధివైపు తీగ దగ్గర ప్రహరీ నడుం ఎత్తు కూడా ఉండదు. పోయేవాళ్లకి ఆరేసిన ప్రతి గుడ్డా కనబడుతుంది. బుల్లిచొక్కాలు, టోపీలు, ముడుల లంగోటాలు వరసగా ఎండకి మెరుస్తున్నాయి. మరక ఒక్కటి లేదు. అత్త ఎంత మురిపెంగా ఉతికిందో చూస్తేనే తెలుస్తోంది. ఒక్కొక్క క్లిప్పూ ఊడదీస్తుంటే కోడలికి ఎక్కడో కలుక్కుమంది. అయినా చెయ్యి ఆగలేదు.

"అయ్యయ్యో! చేతులు పైకెత్తకు!"

రొట్టెల కొట్టు ఆవిడ. రోడ్డవతలినుంచి పిండిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "చేతులెత్తితే లోపల పిల్ల మెడకి పేగు చుట్టుకుంటుందమ్మాయ్! ఈ మాత్రం తెలీదా?"

"చుట్టుకోడానికి మెడ ఉండాలిగా పిన్నీ."

"ఆఁ?"

పక్క దుకాణం గుమ్మంలో గుండీలు కుడుతున్న దర్జీ ఆవిడ సూది ఎత్తినదల్లా అలాగే ఉండిపోయింది. కోడలు ఆవిడకి కూడా వినపడేట్టే చెప్పింది. ఉతుకుగదిలో అలవాటైన గొంతు. కావాలంటే వీధి చివరిదాకా పోతుంది.

"కడుపు లేదు పిన్నీ. అత్తయ్య పొరబడ్డారు. నేను ఇప్పుడప్పుడే పిల్లలొద్దని ఆరోగ్యకేంద్రంలో సూది వేయించుకుంటున్నా. దానివల్ల నెల రావట్లేదు. అంతే. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పండి. మీరు చెబితే నాకు పని తగ్గుతుంది."

రొట్టెల కొట్టు ఆవిడ పిండిచేతులు నడుమున రాసుకుంది. కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో తెలీక, చేతికందింది పట్టుకుంది.

"మరి మా కేకు?"

"తిన్నది నేను కాదుగా. తిన్నవాణ్ణి అడగండి."

దర్జీ ఆవిడ తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి, నవ్వుకి.

రొట్టెల కొట్టు ఆవిడ నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "ఇంత గట్టిగా చెప్పుకునే సంగతా ఇది?" అంది.

"కడుపొచ్చిందని ఇంతకంటే గట్టిగా చెప్పారుగా పిన్నీ," అంది కోడలు, టోపీలు మడతపెడుతూ.

గంపతో లోపలికొచ్చేసరికి ఉతుకుగదిలో అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. అన్నీ విన్నారు. గోడలు పలచన, గొంతు బలం. మొగుడు లేచి, గంప అందుకోవడానికి చెయ్యి చాపాడు. కోడలు ఇచ్చింది. ఏమనాలో తెలీక అతను దాన్ని బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, పై అరలో పెట్టాడు.

అత్త మాత్రం ఊయల అంచునే ఉంది. మనసు కుదురుగా లేనప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉండలేవు. దగ్గర్లో ఉన్న మూట ముందుకి లాక్కుని ముడి విప్పింది. తెల్లవి ఒక పక్కకి, రంగువి ఒక పక్కకి, పిల్లలవి ఒక పక్కకి విసురుతోంది. విసురులోనే ఉంది కోపమంతా.

ఏ మూటో కోడలికి అప్పుడు కనబడింది. పొద్దున ఆడపడుచు తెచ్చిన మూట.

గబగబా దగ్గరికెళ్లింది. "అత్తయ్యా, అది నేను వేరుచేస్తాలెండి. మీరు లేవండి."

"నువ్వు చేసిన నిర్వాకం చాలు."

"నేనెప్పుడూ చేసే మూటే కదా. ఇలా ఇవ్వండి."

"ముట్టుకోకు!"

ఆ మూట ఎప్పుడూ కోడలే వేరుచేసేది. ఆడపడుచు నెలకి ఒకటి రెండుసార్లు తెచ్చి పడేసి పోతుంది. పిల్లల నిక్కర్లు, మొగుడి చొక్కాలు, ఆవిడవీ అన్నీ కలిపి. కోడలు వేరుచేసి, నానబెట్టి, ఉతికి, మడతపెట్టి ఇస్తుంది. ఎన్నాళ్లుగా ఆ మూటలో ఏది రావడం లేదో ఆమెకి తెలుసు. తెలిసీ ఎవరితోనూ అనలేదు. ఆడపడుచుతో కూడా అనలేదు. కాపురానికొచ్చిన వారంలో నేర్చుకున్న కట్టు అది.

ఈ వారం మూటలు వేరుచేసే పని అత్త తనే తీసుకుంది, లేని కడుపుని చూసి.

"ఊరందరి ముందు పరువు తీసి ఎంత నిమ్మళంగా నిలబడిందో చూడు," అంటోంది ఆడపడుచు. "నా అత్తగారింట్లో నేనిలా చేసుంటే..."

అంటూ అంటూ తల్లి చేతుల వంక చూసింది. మాట సగంలో తెగిపోయింది.

అత్త చేతులు నెమ్మదించాయి. మూట అడుగుదాకా వెళ్లాయి. వేరుచేసిన కుప్పల్లోకి మళ్లీ వెళ్లాయి. తెల్లవి కదిపి చూసింది, రంగువి కదిపి చూసింది. వెతికింది దొరకలేదు. చివరికి మనవడి నిక్కరొకటి చేతిలో మిగిలింది. దాన్నే పట్టుకుని ఉండిపోయింది.

మొగుడికి ఏమీ అర్థం కాలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు.

అత్త నోరు తెరిచింది. మళ్లీ మూసింది. ఈ వారం మొత్తంలో ఆమె తొందరపడనిది ఇదొక్కసారే.

"నువ్వు ముందుగదిలోకి పోరా," అంది. "కౌంటరు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు."

ఎవరూ లేరు. అయినా వెళ్లాడు.

"ఏమే," అంది అత్త కూతురితో. పొద్దుటి గొంతు కాదది. అడగడం కొత్తగా నేర్చుకుంటున్న మనిషి గొంతు. "ఏదే? కడుపా? సూదా?"

ఆడపడుచు తల్లికేసి చూడలేదు. చురుగ్గా కోడలికేసి చూసింది, నువ్వే చెప్పావా అన్నట్టు. కోడలు తల అడ్డంగా ఊపింది.

"చెప్పవే."

"నాకే తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటే?"

ఆడపడుచు తొట్టి మీంచి లేచింది. పొద్దుటినుంచి గదినిండా ఉన్న మనిషి ఉన్నట్టుండి చిన్నదైపోయింది. "సూది వేయించుకుంటూనే ఉన్నా. చిన్నాడు నడక నేర్చినప్పటినుంచి. మొన్నటిది తప్పింది. చెప్పులేసుకుని గుమ్మం దిగుతుంటే మా అత్తగారు ఎక్కడికే అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఎక్కడికీ లేదని చెప్పి లోపలికొచ్చేశా. ఆ పై వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. ఎన్ని వారాలు పోయాయో. ఇప్పుడు రాకపోవడం పాత సూది వల్లో, మరెందుకో... ఎలా తెలుస్తుంది?"

"మరి పొద్దుటినుంచి దీన్ని అన్నన్ని మాటలెందుకన్నావే?"

ఆడపడుచు చెంగుతో మొహం తుడుచుకుంది. "దీన్ని అంటున్నంతసేపు నన్నెవరూ చూడరుగా," అంది.

కోడలు గడియారం చూసింది. మేకుకి తగిలించిన సంచీ తీసి భుజాన వేసుకుంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంది.

"నర్సమ్మ వెళ్లిపోయే వేళయింది. నేను పోతున్నా." ఆడపడుచు వైపు తిరిగింది. "అక్కడ పరీక్ష కూడా చేస్తారు వదినా. ఏదో తెలుస్తుంది. తెలిశాక ఏం చెయ్యాలో నువ్వే అనుకుందువుగాని. వస్తావా?"

ఆడపడుచు చుట్టూ చూసింది. ఒక చెప్పు గుమ్మం దగ్గరే ఉంది. దాన్ని కాలితో తొడుక్కుంది. రెండోది కనబడలేదు. వంగి వెతికింది. పొద్దున హడావిడిగా దింపిన ఊయల కింద పడి ఉంది. పట్టీ ఒక్కటే బయటికి కనబడుతోంది.

లాగింది. రాలేదు. ఊయల మీద తల్లి బరువుంది.

కోడలు పెరటి తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ఎండ తిన్నగా గదిలోకి పడింది.

"అమ్మా," అంది ఆడపడుచు, ఒంటికాలి మీద నిలబడి. "కాస్త లే."

మనవడి నిక్కరు చేతిలో పట్టుకుని అత్త అలాగే కూర్చుంది.